చిల్లుల్లో డేటా దాచిన మైనింగ్ ఇంజినీర్

కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్ సిస్టమ్‌కి పెడితే 59.6 జీబీ అని చూపిస్తుంది. మోసమేం కాదు. తయారీ కంపెనీ 1000 చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా. ఇంటర్వ్యూలో ఇది అడిగితే మీలో చాలామంది చెప్పేస్తారు. మరి మెషీన్ చదవగలిగేలా డేటాను ఒక వస్తువు మీద దాచడాన్ని మొదటిసారి ఒక దేశం స్థాయిలో చేసి చూపించింది ఎవరంటే? హెర్మన్ హొలెరిత్. మన సిలబస్‌లో ఈయనకి దక్కేది ఒకట్రెండు లైన్లే.

1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలోలో, జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు స్పెల్లింగులంటే హడల్, బడికి వెళ్లనని మొండికేసేవాడని చెబుతారు. 1879లో కొలంబియా స్కూల్ ఆఫ్ మైన్స్ నుంచి మైనింగ్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. గనిలో మాత్రం పనిచేయలేదు. తన ప్రొఫెసర్ వెంట 1880 జనాభా లెక్కల ఆఫీసులో చేరాడు. బ్రాంచి ఒకటి, ఉద్యోగం ఇంకొకటి. ఇది మనకి కొత్తేం కాదు కదా!

అక్కడ ఆయన కళ్లారా చూసింది ఒక తలనొప్పి వ్యవహారం. 5 కోట్ల మంది వివరాలు కాగితాల మీద రాసి ఉన్నాయి. మగవాళ్లెందరో లెక్కపెట్టాలంటే గుమస్తాలు అన్నీ తిరగేసి గీతలు గీయాలి. వాళ్లలో విదేశాల్లో పుట్టినవాళ్లెందరు అని అడిగితే మళ్లీ మొదటికి. ఆ పని తెమలడానికి ఏడేళ్లు దాటింది. మెషీన్‌తో లెక్కపెడితే బాగుంటుందన్న సలహా ఇచ్చింది అదే ఆఫీసులో పనిచేసిన డాక్టర్ జాన్ షా బిల్లింగ్స్.

హొలెరిత్ వెంటనే కంపెనీ పెట్టేయలేదు. ఎంఐటీలో పాఠాలు చెప్పాడు, నచ్చక మానేశాడు. రైళ్లకు కరెంటు బ్రేకులు తయారుచేశాడు, రైల్వేలు తీసుకోలేదు. పేటెంట్ ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశాడు. నన్నడిగితే, ఈయన కెరీర్‌లో బాగా పనికొచ్చిన ఉద్యోగం అదే. ఐడియాను కాగితం మీద ఎలా కాపాడుకోవాలో అక్కడే నేర్చుకున్నాడు, 1884లో తన మొదటి దరఖాస్తు పెట్టేశాడు.

మొదట పొడవాటి కాగితం టేపు మీద చిల్లులు పెట్టి చూశాడు. కానీ టేపు మధ్యలో ఉన్న ఒక్క మనిషి వివరం కావాలంటే మొత్తం తిప్పుకుంటూ పోవాలి. మీరు చదివే సీక్వెన్షియల్ యాక్సెస్ కష్టం అప్పుడే ఎదురైందన్నమాట. దారి దొరికింది రైల్లో. టికెట్ దొంగతనాలు అరికట్టడానికి కండక్టర్లు ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు గుర్తులుగా టికెట్టుకు చిల్లులు పెట్టేవారు. ప్రతి మనిషికీ ఒక కార్డు ఎందుకు పెట్టకూడదు? కార్డులకు చిల్లులు పెట్టడం కొత్త కాదు, జకార్డ్ మగ్గాల్లో అప్పటికే ఉంది. కాకపోతే అక్కడ చిల్లు మగ్గానికి ఆజ్ఞ. ఇక్కడ చిల్లు మనిషి వివరం.

మెషీన్ పనితీరు సింపుల్. కార్డు మీదికి స్ప్రింగులున్న సూదులు దిగుతాయి. చిల్లు ఉన్నచోట సూది కిందున్న పాదరసం గిన్నెలో మునుగుతుంది, సర్క్యూట్ పూర్తవుతుంది, డయల్ ఒక అంకె ముందుకు జరుగుతుంది. చిల్లు లేదా, కరెంటు పారదు. ఒకటి, సున్నా. 1890 కార్డులో చిల్లు పెట్టగల చోట్లు 288. ఇప్పటి భాషలో 288 బిట్లు, అంటే 36 బైట్లు. బైట్ అనే మాట పుట్టింది మాత్రం 1956లో.

1889లో సెన్సస్ ఆఫీసు పోటీ పెట్టింది. కార్డులు సిద్ధమయ్యాక పట్టికలు తీయడానికి హొలెరిత్ పద్ధతికి ఐదున్నర గంటలు పట్టింది. మిగతా ఇద్దరిలో ఒకరికి 44 గంటలు దాటింది, ఇంకొకరికి 55. కాంట్రాక్టు ఈయనకే. 1890లో 6.26 కోట్ల జనాభా తొలి మొత్తం కొన్ని వారాల్లోనే తేలింది. అసలు లాభం ఇంకోటి. ఒక్కసారి కొట్టిన కార్డును ఎన్ని ప్రశ్నలకైనా మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

1896లో టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ పెట్టాడు. మెషీన్లు అమ్మడు, అద్దెకిస్తాడు. కార్డులు మాత్రం తన దగ్గరే కొనాలి. ప్రింటర్ చవకగా ఇచ్చి కార్ట్రిడ్జ్ దగ్గర లాగినట్టు. ఈ తెలివే చివరికి మెడకు చుట్టుకుంది. అద్దె ఎక్కువన్న సెన్సస్ బ్యూరోతో ఆయన రాజీపడలేదు. 1905లో బ్యూరో ఆయన మెషీన్లు వదిలేసి సొంతంగా తయారుచేసుకుంది. అక్కడ పనిచేసిన జేమ్స్ పవర్స్ ఆ తర్వాత పోటీ కంపెనీయే పెట్టాడు. తనను నిలబెట్టిన మొదటి కస్టమరే పోటీదారుణ్ని పుట్టించినట్టయింది. రైల్వేలు, వ్యాపార సంస్థలు ఉన్నాయి కాబట్టి కంపెనీ మునిగిపోలేదు.

1911లో కంపెనీ అమ్మేశాడు, ఆయన వాటాకు దాదాపు 12 లక్షల డాలర్లు వచ్చాయి. మూడు కంపెనీలు కలిసిన ఆ కొత్త సంస్థే 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. ఆయన మేరీల్యాండ్‌లో పొలం కొనుక్కుని ఆవుల్ని పెంచుకున్నాడు. 1929 నవంబర్ 17న చనిపోయాడు.

అంతకు ఏడాది ముందే ఐబీఎం 80 నిలువు వరుసల కార్డు తెచ్చింది, అంటే కార్డుకు 80 అక్షరాలు. మీ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టే డేటాకు అలాంటివి 80 కోట్లు కావాలి. 1956లో అదే కంపెనీ 50 పళ్లేలతో, 50 లక్షల అక్షరాలు పట్టే తొలి హార్డ్ డిస్క్ తెచ్చాక కూడా కార్డులు చాలా ఏళ్లు నడిచాయి. తర్వాత వచ్చిన కంప్యూటర్ తెరలు లైనుకు 80 అక్షరాలు అన్న కొలతను వాటి నుంచే తీసుకున్నాయి. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 లైనుకు 79 అక్షరాలు దాటొద్దంటుంది. కొన్ని కోడ్ ఎడిటర్లలో 80 దగ్గర ఒక సన్నని నిలువు గీత కనిపిస్తుంది, గమనించారా? అది ఆ కార్డు అంచే.