రక్తాన్ని సీసాలో దాచిన డాక్టర్ డ్రూ

వానాకాలం వస్తే చాలు, మన ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ప్లేట్‌లెట్లు పడిపోయాయన్న మాట వినిపిస్తుంది. డెంగీ పుణ్యమా అని ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. వాటిని దాచే సంచి గురించి మాత్రం ఎవరూ అడగరు. నేను అమెరికాలో ఒక బ్లడ్ బ్యాంక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మనవాళ్లు రక్తదాన శిబిరం పెట్టినప్పుడల్లా ఇక్కడ పుట్టిన పిల్లలు నన్ను అడిగేది, బ్లడ్ బ్యాంకును ఎవరు కనిపెట్టారని. ఒక్కరని చెప్పలేను. షికాగోలోని కుక్ కౌంటీ ఆస్పత్రిలో 1937లోనే అది మొదలైంది. అయినా నేను చెప్పే కథ మాత్రం డాక్టర్ చార్లెస్ డ్రూదే.

ఆయన 1904 జూన్ 3న వాషింగ్టన్ డీసీలో పుట్టారు. తండ్రి ఇళ్లలో కార్పెట్లు పరిచే పనివాడు. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చదువుకన్నా ఆటలతోనే పేరొచ్చింది. 1926లో డిగ్రీ అయ్యాక మెడిసిన్‌కు డబ్బు చాలక బాల్టిమోర్‌లోని మోర్గాన్ కాలేజీలో రెండేళ్లు పాఠాలు చెప్పారు, ఆటలు నేర్పారు. అప్పట్లో నల్లజాతి విద్యార్థులకు సీటిచ్చే అమెరికా మెడికల్ కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చివరికి కెనడా వెళ్లి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరారు. పై చదువుకు దేశం దాటడం మనకు కొత్త కాదు గానీ, సొంత దేశంలో తలుపులు మూసి ఉన్నందుకు దాటడం వేరు. 1933లో 137 మంది తరగతిలో రెండో స్థానంలో నిలిచారు.

అసలు పని 1938లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో మొదలైంది. డాక్టర్ జాన్ స్కడ్డర్‌తో కలిసి, ఒంట్లోంచి తీసిన రక్తం ఎందుకు పాడవుతుందో తేల్చే పనిలో పడ్డారు. రక్తాన్ని కదపకుండా ఉంచితే ఎర్ర కణాలు అడుక్కి దిగి, పైన పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది. రోజులు గడిచేకొద్దీ కణాల్లోని పొటాషియం ప్లాస్మాలోకి కారుతుంది. గడ్డకట్టకుండా ఏం కలపాలి, ఎంత చలిలో ఉంచాలి, ఆఖరికి సీసా ఏ ఆకారంలో ఉండాలి అన్నవి కూడా పరీక్షించారు. పాత్ర కూడా మందులాంటిదేనని గుర్తించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1940లో దాచిన రక్తంపై ఆయన రాసిన సిద్ధాంత గ్రంథానికి కొలంబియా డాక్టరేట్ ఇచ్చింది. అక్కడ ఆ పట్టా అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే.

అదే ఏడాది బ్రిటన్‌పై బాంబులు పడుతుంటే, న్యూయార్క్ నుంచి ప్లాస్మా పంపే బాధ్యత ఆయనకు అప్పగించారు. చాలామంది ప్లాస్మా కలిపి పంపాలి. ఒక్క సీసాలో సూక్ష్మజీవి చేరితే అంతా పారబోయాల్సిందే. అందుకే అన్ని ఆస్పత్రుల్లోనూ ఒకటే పద్ధతి, ఒకటే పరీక్ష పెట్టారు. కొద్ది నెలల్లోనే 14,556 సార్లు రక్తం సేకరించి, 5,000 లీటర్లకు పైగా ప్లాస్మా పంపారు.

1941లో రెడ్‌క్రాస్ ఆయనను తమ రక్తసేకరణ కార్యక్రమంలోకి తీసుకుంది. అమెరికా సైన్యం మాత్రం మొదట నల్లజాతివారి రక్తమే వద్దంది. 1942లో తీసుకోవడం మొదలుపెట్టినా వేరుగా ఉంచాలంది. అంటే ఈ ఏర్పాటంతా నిలబెట్టిన మనిషి రక్తం కూడా వేరే సీసాలోకే వెళ్లాలి. రక్తంలో జాతి భేదం లేదని ఆయన బాహాటంగానే చెప్పారు. అప్పటికే హోవర్డ్ యూనివర్సిటీకి తిరిగి వెళ్లి, నల్లజాతి సర్జన్లను తయారుచేసే పనిలో ఉన్నారు.

1950 ఏప్రిల్ 1న ఉత్తర కరోలినాలో కారు బోల్తాపడి, 45 ఏళ్లకే చనిపోయారు. తెల్లవాళ్ల ఆస్పత్రి రక్తం ఎక్కించనందుకే పోయారని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. అది నిజం కాదు. అక్కడి డాక్టర్లు శాయశక్తులా ప్రయత్నించారని, కారులో ఆయనతో ఉన్న తోటి వైద్యులే చెప్పారు. రెడ్‌క్రాస్ రక్తంపై జాతి ముద్ర వేయడం మానింది కూడా ఆ ఏడాదే.

ఆయన చూడకుండా పోయింది ప్లాస్టిక్ సంచి. గాజు తగిలితే ప్లేట్‌లెట్లు దానికి అతుక్కుపోతాయి. పరాయి ఉపరితలం కనపడగానే గడ్డకట్టించడమే వాటి పని మరి. 1950ల్లో డాక్టర్ కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ జూనియర్‌ల పీవీసీ సంచి వచ్చాకే వాటిని తేలిగ్గా వేరు చేయగలిగారు. తర్వాత తేలింది ఏమిటంటే, సంచి గాలి పీల్చాలి. ప్లేట్‌లెట్లకు ఆక్సిజన్ కావాలి. అది అందకపోతే లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది, పళ్లెంలా ఉండే కణం ఉబ్బి గుండ్రమవుతుంది, రోగికి ఎక్కించినా నిలవదు. తొలితరం సంచుల్లో మూడు రోజులే ఉండేవి. ఆక్సిజన్‌ను బాగా లోపలికి రానిచ్చే ప్లాస్టిక్ వచ్చాక అది అయిదు రోజులైంది. ఇంకా పెంచాలంటే బ్యాక్టీరియా భయం. ఎందుకంటే వీటిని ఫ్రిజ్‌లో కాక 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊపుతూ ఉంచాలి. ఆ అయిదు రోజుల్లోనూ మొదటి ఒకటి రెండు పరీక్షలకే పోతాయి. అందుకే మా ల్యాబ్‌లో పండగ సెలవులు, మంచు తుపాన్ల వేళ ముందుగా ఖాళీ అయ్యేది ప్లేట్‌లెట్ల అరే.