బంతి ఎవరి చేతికివ్వాలి?

ఐపీఎల్ మ్యాచ్ చూస్తూ మీరూ ఏదో ఒక రోజు కెప్టెన్‌ని తిట్టుకునే ఉంటారు. మంచి బౌలర్‌ని ఆఖరి ఓవర్లకు దాచుకోకుండా ముందే వాడేశాడని. ఆ చిక్కు ఒక్క సాయంత్రానిది. అదే చిక్కు ఏడాదికి నూట యాభై మ్యాచ్‌ల చొప్పున, ఒకే జట్టుతో 50 సీజన్ల పాటు ఎదురైతే? అమెరికా బేస్‌బాల్‌లో అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు కోనీ మాక్. మేజర్ లీగ్ మేనేజర్‌గా 3,731 మ్యాచ్‌లు గెలిచాడు. 3,948 ఓడాడు. రెండూ రికార్డులే. గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న మనిషిని అక్కడివాళ్లు గొప్ప మేనేజర్లలో ఒకడిగా ఎందుకు లెక్కిస్తారో తెలియాలంటే ఆయన పిచర్లను ఎలా వాడాడో చూడాలి. ఎలా పోగొట్టుకున్నాడో కూడా చూడాలి.

ముందు ఆట సంగతి కాస్త. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడే పిచర్. క్రికెట్‌లోలా ఓవర్‌కొకరు మారరు. మొదలుపెట్టినవాడు అలసిపోయేదాకా, లేదా దెబ్బతినేదాకా వేస్తూనే ఉంటాడు. ఒకసారి పక్కకు తప్పిస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ రావడానికి లేదు. పూర్తి మ్యాచ్ వేసిన చేయి కోలుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మ్యాచ్‌లేమో దాదాపు రోజూ ఉంటాయి. మధ్యలో వచ్చి ఆదుకునే రిలీఫ్ పిచర్లు చేయి వేడెక్కించుకునే చోటును బుల్‌పెన్ అంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఎవరి చేయి ఎంత మిగిలిందో లెక్క చూసుకుంటూ నడపడమే మేనేజర్ ఉద్యోగంలో సగం.

మాక్ అసలు పేరు కార్నీలియస్ మెక్‌గిలికడి. 1862 డిసెంబరు 22న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఈస్ట్ బ్రూక్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. చదువు పూర్తికాకుండానే చెప్పుల ఫ్యాక్టరీలో పనికి చేరాడు. 1884లో మెరిడెన్ అనే చిన్న ఊరి జట్టు జీతమిస్తానంటే ఫ్యాక్టరీ వదిలేశాడు. రెండేళ్లలో వాషింగ్టన్ జట్టులో మేజర్ లీగ్‌కు చేరాడు. ఆయన క్యాచర్. అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ వేసే ప్రతి బంతినీ పట్టుకునేవాడు. ఎవరి చేయి ఎప్పుడు బరువెక్కుతుందో, ఎవరు భయపడుతున్నారో మైదానంలో అందరికంటే ముందు తెలిసేది క్యాచర్‌కే. ఆయనకు మేనేజ్‌మెంట్ కోర్సు అదే అనుకోండి.

పిట్స్‌బర్గ్‌లో మూడేళ్లు, ఆ తర్వాత మిల్వాకీలో నాలుగేళ్లు మేనేజర్‌గా చేసి, 1901లో కొత్తగా పుట్టిన ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు పగ్గాలు పట్టాడు. ఇక వదల్లేదు. జట్టులో వాటా కూడా ఆయనదే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మిగతా మేనేజర్లు ఆటగాళ్ల యూనిఫాంలో ఉంటే ఈయన సూటూ టైతో, ఎండాకాలమైతే గడ్డి టోపీతో బెంచీ మీద కూర్చునేవాడు. చేతిలో మడిచిన స్కోర్‌కార్డు. దాన్ని అటూ ఇటూ ఊపి ఫీల్డర్లను జరిపేవాడు. గొంతు పెంచడం చాలా అరుదు. తప్పు చేసిన కుర్రాణ్ని అందరి ముందూ అనడం ఆయన పద్ధతి కాదు. మర్నాడు పక్కకు పిలిచి మాట్లాడేవాడు. ఆటగాళ్లు కూడా ఆయన్ని మిస్టర్ మాక్ అనే పిలిచేవారు.

ఆయన చేతికి దొరికిన మొదటి పెద్ద పిచర్ రూబ్ వాడెల్. ఎడమచేతి వాటం, విపరీతమైన వేగం, అంతకు మించిన పిల్లతనం. ఫైరింజన్ గంట వినిపిస్తే ఆట సంగతి మరిచిపోయి దాని వెనకే పరిగెత్తే రకమని, చేపలు పట్టడానికి వెళ్లి రోజుల తరబడి కనిపించేవాడు కాదని చెబుతారు. 1902 జూన్‌లో కాలిఫోర్నియాలో ఆడుకుంటున్న అతణ్ని మాక్ మనుషుల్ని పంపి మరీ రప్పించాడు. సీజన్ మధ్యలో వచ్చినవాడు 24 మ్యాచ్‌లు గెలిచి జట్టును లీగ్ విజేతను చేశాడు. 1904లో 349 మందిని స్ట్రైకౌట్ చేశాడు. జీతం మొత్తం ఒకేసారి చేతికిస్తే ఒక్క రాత్రిలో ఖర్చు పెట్టేస్తాడని మాక్ కొంచెం కొంచెంగా ఇచ్చేవాడట.

కానీ 1905లో, సరిగ్గా వరల్డ్ సిరీస్ ముందు, వాడెల్ భుజం దెబ్బతింది. సహచరుడి గడ్డి టోపీ కోసం జరిగిన సరదా తోపులాటే కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. అతను లేకుండా ఆడిన అథ్లెటిక్స్ ఐదింటిలో నాలుగు మ్యాచ్‌లు ఓడి సిరీస్ పోగొట్టుకుంది. ఎన్నో అల్లర్లు భరించిన మాక్ చివరికి 1908లో అతణ్ని సెయింట్ లూయిస్‌కు అమ్మేశాడు. వాడెల్ మీద కోపంతో కాదు, మిగతా జట్టు విసిగిపోయింది కాబట్టి. అదే ఏడాది జులైలో వాడెల్ పాత జట్టు మీదే 16 స్ట్రైకౌట్లు తీశాడు. ఆరేళ్లకు, 37 ఏళ్ల వయసులో క్షయతో చనిపోయాడు.

మాక్ చూపు కాలేజీల మీద కూడా పడింది. ఇది మీకు నచ్చే భాగం. ఆటగాళ్లంటే మొరటు మనుషులనే పేరున్న కాలంలో ఆయన చదువుకున్న కుర్రాళ్లను వెతికి తెచ్చాడు. ఎడీ ప్లాంక్ గెటీస్‌బర్గ్ నుంచి, ఒజిబ్వే తెగకు చెందిన చీఫ్ బెండర్ కార్లైల్ ఇండియన్ స్కూల్ నుంచి, జాక్ కూంబ్స్ కోల్బీ కాలేజీ నుంచి వచ్చారు. కూంబ్స్ అయితే కెమిస్ట్రీ చదివినవాడు. 1906లో డిగ్రీ చేతికొచ్చిన వేసవిలోనే నేరుగా మేజర్ లీగ్‌కు. సెప్టెంబరు 1న బోస్టన్‌తో మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు. పది, పదిహేను, ఇరవై.. 24 ఇన్నింగ్స్ దాకా సాగింది. మొత్తం కూంబ్స్ ఒక్కడే వేశాడు. 4-1తో గెలిపించాడు. అవతలి పిచరూ ఆసాంతం వేశాడు.

ఇప్పటి కోచ్ ఎవరైనా ఒక ఫ్రెషర్ చేత అలా వేయిస్తే పెద్ద గొడవే అవుతుంది. అప్పట్లో దాన్ని మగతనం అనేవారు. తర్వాతి రెండు మూడేళ్లు కూంబ్స్ మామూలు పిచర్‌గానే మిగిలాడు. దానికి ఆ 24 ఇన్నింగ్సే కారణమని ఖాయంగా అనలేం గానీ, మంచిదైతే చేసి ఉండదు. మెచ్చుకోవాల్సింది మరొకటి: ఆ మామూలు సంవత్సరాల్లో మాక్ అతణ్ని వదులుకోలేదు. ఔట్‌ఫీల్డ్‌లో కూడా ఆడించి జట్టులోనే ఉంచాడు. 1910 వచ్చేసరికి కూంబ్స్ 31 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో ప్లాంక్ చేయి నొప్పితో కూర్చుంటే, మాక్ మొత్తం సిరీస్‌ను ఇద్దరే ఇద్దరు పిచర్లతో నడిపాడు. బెండర్ రెండు మ్యాచ్‌లు, కూంబ్స్ మూడు. ఆరు రోజుల్లో మూడు పూర్తి మ్యాచ్‌లు వేసి మూడూ గెలిచాడు కూంబ్స్. అథ్లెటిక్స్‌కు అదే మొదటి వరల్డ్ సిరీస్. 1911, 1913లోనూ గెలిచారు.

1914లో మళ్లీ ఫైనల్ చేరి బోస్టన్ బ్రేవ్స్ చేతిలో వరసగా నాలుగూ ఓడారు. అదే సమయంలో ఫెడరల్ లీగ్ అనే పోటీ లీగ్ వచ్చి ఎక్కువ జీతాలు ఎర చూపింది. మీ భాషలో చెప్పాలంటే ఆఫర్ లెటర్లు వచ్చాయి. ప్లాంక్, బెండర్ వెళ్లిపోయారు. టైఫాయిడ్‌తో చచ్చి బతికిన కూంబ్స్‌ను మాక్ వదిలేశాడు. కొలంబియా యూనివర్సిటీలో చదివిన ఎడీ కాలిన్స్‌ను 50 వేల డాలర్లకు షికాగోకు అమ్మాడు. 1914లో 99 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 1915లో 43 గెలిచింది. 1916లో 36 గెలిచి 117 ఓడింది. ఆ ఏడాది జాక్ నాబర్స్ అనే కుర్ర పిచర్ ఒక్కటి గెలిచి 20 ఓడాడు. ఏడేళ్లు వరసగా అట్టడుగు స్థానం. మేనేజర్ మరొకరైతే మొదటి ఏడాదే ఇంటికి పంపేవారు. జట్టు యజమానే మేనేజర్ కాబట్టి బతికిపోయాడు. ఓపికకు ఉదాహరణగా ఈ కథ చెప్పేవాళ్లు ఆ వాటా సంగతి దాటేస్తుంటారు.

మళ్లీ కట్టడానికి పదేళ్లు పట్టింది. లెఫ్టీ గ్రోవ్‌ను బాల్టిమోర్ నుంచి 1,00,600 డాలర్లకు కొన్నాడు. గ్రోవ్‌కు వేగమూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. ఓడితే లాకర్లు బద్దలయ్యేవి. తోడుగా జార్జ్ ఎర్న్‌షా, రూబ్ వాల్‌బర్గ్, 46 ఏళ్ల జాక్ క్విన్, నకుల్‌బాల్ వేసే ఎడీ రొమెల్. 1929లో ఈ జట్టు 104 మ్యాచ్‌లు గెలిచింది. వరల్డ్ సిరీస్‌లో ప్రత్యర్థి షికాగో కబ్స్. మొదటి మ్యాచ్‌లో గ్రోవ్ వేస్తాడా, ఎర్న్‌షా వేస్తాడా అని దేశమంతా వాదించుకుంది.

మాక్ బంతి ఇచ్చింది హోవర్డ్ ఎమ్‌కీకి. వయసు 35. ఆ సీజన్ మొత్తంలో ఆడింది 11 మ్యాచ్‌లు. నిజానికి వేసవి చివర్లో అతణ్ని పంపించేద్దామనే మాక్ పిలిచాడు. తన చేతిలో ఇంకొక్క మంచి మ్యాచ్ మిగిలి ఉందని ఎమ్‌కీ అడిగాడు. అయితే జట్టుతో ఆఖరి టూర్‌కు రావద్దు, కబ్స్ ఫిలడెల్ఫియాకు వచ్చినప్పుడు కూర్చుని వాళ్ల బ్యాటర్లను చదువు అని మాక్ చెప్పి పంపాడు. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇందులో సెంటిమెంట్ కంటే లెక్కే ఎక్కువ. కబ్స్ బలమంతా కుడిచేతి బ్యాటర్లు: రోజర్స్ హార్న్స్‌బీ, హ్యాక్ విల్సన్, కైకీ కైలర్, రిగ్స్ స్టీఫెన్సన్. ఎడమచేతి పిచర్ బంతి వాళ్లకు సులువుగా కనిపిస్తుంది. పైగా వాళ్లకు వేగం అలవాటు. ఎమ్‌కీ కుడిచేతి పిచర్, పక్కనుంచి చేయి తిప్పి నెమ్మదిగా వేస్తాడు. వెనక గ్యాలరీలో తెల్ల చొక్కాల జనం మధ్య ఆ బంతి కనిపించడమే కష్టం. అక్టోబరు 8న రిగ్లీ ఫీల్డ్‌లో అతను వార్మప్ మొదలుపెడితే సొంత జట్టువాళ్లే నమ్మలేకపోయారు. 13 స్ట్రైకౌట్లు. 3-1తో గెలుపు. వరల్డ్ సిరీస్‌లో ఆ రికార్డు 1953 దాకా నిలిచింది.

మరి గ్రోవ్? ఆ సిరీస్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు. లీగ్‌లోకెల్లా మేటి పిచర్‌ను మాక్ బుల్‌పెన్‌లో కూర్చోబెట్టాడు. నాలుగో మ్యాచ్‌లో అథ్లెటిక్స్ 0-8తో వెనకబడి, ఏడో ఇన్నింగ్స్‌లో ఏకంగా 10 పరుగులు చేసింది. ఆధిక్యం కాపాడాల్సిన ఆఖరి రెండు ఇన్నింగ్స్‌కు గ్రోవ్ వచ్చాడు. ఆరుగురు బ్యాటర్లు వచ్చారు, నలుగురు స్ట్రైకౌట్. మ్యాచ్ ఆఖర్లో వచ్చి ముగించే పిచర్‌కు ఇప్పుడు సేవ్ అనే లెక్క ఉంది, కోట్లలో జీతముంది. ఆ లెక్క అధికారికంగా వచ్చింది 1969లో. అప్పటికి నలభై ఏళ్ల ముందే మాక్ తన మేటి చేతిని అవసరమైన గంటకు దాచాడు. 1930లో గ్రోవ్ 28 గెలిచాడు, 50 మ్యాచ్‌లు ఆడితే అందులో 18 రిలీఫ్‌గా వచ్చినవే. 1931లో 31 గెలిచి నాలుగే ఓడాడు.

ఇదే మాక్ 1932లో చేసిన పని చూడండి. ఆర్థిక మాంద్యం. ఫిలడెల్ఫియాలో ఆదివారం ఆటలపై నిషేధం ఉండేది, అందుకని జులై 10న ఒక్క మ్యాచ్ కోసం క్లీవ్‌లాండ్ వెళ్లాలి. రైలు ఛార్జీలు మిగులుతాయని ఇద్దరే పిచర్లను తీసుకెళ్లాడు. మొదటివాడు కుర్రాడు, ఒక ఇన్నింగ్స్‌కే చితికిపోయాడు. రెండోవాడు రొమెల్. అంతకు ముందు రెండు రోజులూ వేసిన చేయి అది. బెంచీ మీద ఇంకెవరూ లేరు. మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగింది. రొమెల్ 17 వేశాడు, 29 హిట్లు, 14 పరుగులు ఇచ్చాడు, 18-17తో గెలిపించాడు. మేజర్ లీగ్‌లో అతనికి అదే ఆఖరి గెలుపు. మిగిలిన టికెట్ డబ్బులు ఎంతో గానీ, ఖర్చయింది ఒక మనిషి చేయి. రొమెల్ కుంగిపోలేదు. అంపైరింగ్ నేర్చుకుని 1938 నుంచి రెండు దశాబ్దాలు అదే లీగ్‌లో అంపైర్‌గా చేశాడు. ఎమ్‌కీ మైదానాలపై కప్పే కాన్వాసు పరదాల వ్యాపారం పెట్టి నిలబడ్డాడు. కూంబ్స్ డ్యూక్ యూనివర్సిటీలో కోచ్ అయ్యాడు.

మాంద్యంలో మాక్ మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టాడు. గ్రోవ్, వాల్‌బర్గ్ బోస్టన్‌కు వెళ్లారు. జట్టు మళ్లీ కింద పడింది, ఈసారి లేవలేదు. అయినా ఆయన కుర్చీ వదల్లేదు. చివరి ఏళ్లలో ఎప్పుడో రిటైరైన ఆటగాళ్ల పేర్లు పిలిచేవాడని, కోచ్‌లు ఆయన సంకేతాల్ని పక్కనపెట్టి తామే పిచర్లను మార్చేవారని చెబుతారు. ఇంకో సంగతి కూడా రాయాలి. 1947లో మేజర్ లీగ్ తలుపులు నల్లజాతి ఆటగాళ్లకు తెరుచుకున్నా, మాక్ ఉన్నంతకాలం అథ్లెటిక్స్‌లో ఒక్కరూ ఆడలేదు. మొదటివాడు 1953లో వచ్చిన బాబ్ ట్రైస్. అతను పిచరే.

1950 అక్టోబరులో, 87 ఏళ్ల వయసులో మాక్ తప్పుకున్నాడు. ఆ ఏడాది జట్టు 102 మ్యాచ్‌లు ఓడింది. 1955కల్లా అథ్లెటిక్స్ ఫిలడెల్ఫియానే వదిలి కాన్సాస్ సిటీకి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 8న 93 ఏళ్ల మాక్ కన్నుమూశాడు. అప్పటికి మూడేళ్లుగా ఆ ఊరి స్టేడియం ఆయన పేరుతోనే ఉంది. అందులో ఆడుతున్నది మాత్రం వేరే జట్టు.