కజాన్ మాస్టారు జవోయిస్కీ

స్వర్ణోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త గురించి రాయమని సంఘం వారు అడగ్గానే నాకు తోచిన పేరు యెవ్గేనీ జవోయిస్కీ. నా ఉద్యోగమంతా ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ యంత్రం ముందే గడిచింది. ఆ విద్యకు మూలపురుషుడాయన.

1907లో ఉక్రెయిన్‌లోని మొగిలేవ్-పొదోల్‌స్కీలో పుట్టారు. తండ్రి వైద్యుడు. చదివిందీ, పాఠాలు చెప్పిందీ కజాన్ విశ్వవిద్యాలయంలోనే. 1941లో సహచరులతో కలిసి పరమాణు కేంద్రకాల అయస్కాంత అనునాదం కోసం వెతికారు. సంకేతం ఒకసారి కనిపించేది, మళ్లీ చేస్తే దొరికేది కాదు. అంతలో యుద్ధం వచ్చిపడి ప్రయోగం ఆగిపోయింది.

ఆయన పట్టు వదల్లేదు. కేంద్రకాన్ని పక్కన పెట్టి ఎలక్ట్రాన్ వైపు తిరిగారు. జత లేని ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతం లాంటిది. దాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, క్షేత్రబలం సరిగ్గా కుదిరిన చోట రేడియో తరంగాల శక్తిని పీల్చుకుంటుంది. యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1944లో, రాగి, మాంగనీసు లవణాల్లో దాన్ని పట్టుకున్నారు.

1947లో అణుశక్తి పనుల మీద మాస్కో వెళ్లారు. కేంద్రక అనునాదానికి 1952లో బ్లాక్, పర్సెల్‌లకు నోబెల్ వచ్చింది. జవోయిస్కీకి 1957లో లెనిన్ బహుమతి దక్కింది గానీ నోబెల్ దక్కలేదు. 1976లో మాస్కోలో కన్నుమూశారు. కజాన్‌లోని భౌతిక సాంకేతిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే.

నాకు ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. 1965లో అమెరికాలో హార్డెన్ మెకానెల్, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చిన్న నైట్రాక్సైడ్ ముక్కను అణువుకు గుర్తుగా తగిలించే పద్ధతి తెచ్చారు. అణువు చురుగ్గా తిరిగితే మూడు సన్నని గీతలు వస్తాయి, మందగిస్తే అవి వెడల్పవుతాయి. ఈ పద్ధతితోనే 1971లో ఆయన, రోజర్ కోర్న్‌బర్గ్ కలిసి లిపిడ్ పొరలను చూశారు. పొరలో ప్రతి లిపిడ్ అణువూ పక్కవాటితో సెకనుకు లక్షల సార్లు చోటు మార్చుకుంటుంది. ఈ ముఖం నుంచి ఆ ముఖానికి పల్టీ కొట్టాలంటే మాత్రం గంటలు పడుతుంది. కణత్వచం లోపలి ముఖం, బయటి ముఖం వేరువేరుగా ఉండగలగడానికి ఈ నిదానం ఒక ఆధారం.

యుద్ధకాలంలో లవణాలతో చేసిన పని, పాతికేళ్ల తర్వాత ప్రాణమున్న కణం గడప దాకా వచ్చింది. మన బడి ప్రయోగశాల కోసం సంఘం ఏమైనా తలపెడితే నా వంతు చందా జవోయిస్కీ పేరు మీద రాసుకోండి.