డాక్టరు గారి బ్యాంకులు

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారనగానే మనవాళ్ళకి 1939లో సుభాష్ బాబు చేతిలో ఆయన ఓడిన కాంగ్రెసు ఎన్నికే గుర్తొస్తుంది. అది ఆయనకి జరిగిన అన్యాయమే.

1880లో గుండుగొలనులో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టారు. కొన్నేళ్ళకి దాన్ని వదిలి దేశసేవకు దిగారు. అప్పటి డెల్టాలో నీళ్ళున్నాయి, పంట ఉంది, పెట్టుబడికి మాత్రం రైతు షావుకారు గుమ్మం ఎక్కాల్సిందే. అందుకని 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923 నవంబరు 28న లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు, 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు స్థాపించారు. ఇన్ని ఎందుకూ అనిపిస్తుంది. ఆయన ఉద్దేశం ఏదైనా, ఒక బ్యాంకు కాదంటే ఇంకో గుమ్మం ఉండడం అప్పు అడిగేవాడికి ఎంత బలమో వ్యవసాయం చేసే ఇళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

చిన్న బ్యాంకుకి పుకారే చాలు. 1938లో ట్రావెన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడ్డప్పుడు దక్షిణదేశమంతా బెదిరింది. ఆంధ్రా బ్యాంకు మాత్రం నిలిచింది.

పట్టాభి గారు 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా చేశారు, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. మరుసటి ఏడు ఆగస్టులోనే కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలింది. దాంతో రిజర్వు బ్యాంకుకి కొత్త అధికారాలు వచ్చాయి: బలహీనపడ్డ బ్యాంకులో చెల్లింపులు ఆపించి, దాన్ని గట్టిదానిలో కలిపించవచ్చు. 1951లో 566 ఉన్న బ్యాంకులు 1969 నాటికి వందలోపుకి వచ్చాయి. ఆ విలీనాల కాలంలోనే, 1964లో, భారతలక్ష్మి ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయింది.

డబ్బు దాచుకున్నవాళ్ళకి విలీనాలు మేలే చేశాయి, కాదనలేం. బ్యాంకు మునిగితే ముందు ఏడ్చేది వాళ్ళే కదా! కాని అప్పు కావలసినవాడికి డాక్టరు గారు తెరిచిన రెండు గుమ్మాలు ఒకటయ్యాయి. ఎవరి పొలం కాలువ చివర ఉందో, ఎవరు మాట తప్పరో ఎరిగిన ఊరి మనిషి చేతిలోంచి తీర్మానం జారి, దూరాన కాగితాలు చూసేవాళ్ళ దగ్గరికి పోతుంది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. ప్రభుత్వ బ్యాంకులు మొండిబాకీలతో సతమతమైన తర్వాత, 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు ముంబయిలోని యూనియన్ బ్యాంకులో కలిసింది. దగ్గర దగ్గరగా ఉన్న శాఖల్ని ఆ తర్వాత ఒకటి చేస్తూ వచ్చారు.