చందమామ వెనక మనిషి

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే బడి జ్ఞాపకాలు రాద్దామని కూర్చున్నాను. కలం పట్టగానే గుర్తొచ్చింది కొడవటిగంటి కుటుంబరావు గారు. మన పటమటతో ఆయనకు చుట్టరికమేమీ లేదు. కృష్ణ దాటి అవతలకు పోతే వచ్చే తెనాలి ఆయన ఊరు. అయినా నా బడి చదువులో ఆయనకు భాగం ఉంది.

తొమ్మిదో తరగతిలో సోషల్ పుస్తకం మధ్య డిటెక్టివ్ నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయాను. అది అద్దె పుస్తకం. మాస్టారు తీసుకుపోయారు. బెత్తం దెబ్బలు ఖాయమనుకున్నాను. మర్నాడు పుస్తకం తిరిగిచ్చి, అందులో బాగున్నదేమిటో, బాగా లేనిదేమిటో ఒక పేజీ రాసుకురమ్మన్నారు. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయిందని రాశాను. ఎలా తెలిసిందో రాయలేదని వెనక్కిచ్చారు. మూడోసారికి గానీ ఒప్పుకోలేదు. అప్పటినుంచి చూసిన జానపద సినిమాలకూ, చదివిన దయ్యాల కథలకూ నోటుబుక్కులో ఒక పేజీ రాసుకోవడం అలవాటైంది. నేను చందమామ వదలకుండా చదువుతానని తెలిసి, దాని వెనక ఉన్న మనిషి గురించి చెప్పింది కూడా ఆ మాస్టారే.

కుటుంబరావు గారు 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. విజయనగరంలో ఫిజిక్సుతో డిగ్రీ చేసి, ఎమ్మెస్సీకి కాశీ వెళ్లారు. ఆర్థికమాంద్యం రోజులు కావడంతో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత పొట్టకూటి కోసం ఎన్నో ఊళ్లు తిరిగారు. ఎక్కడున్నా రాయడం మాత్రం ఆపలేదు. చదువు నవల ఆయనకు ఎంత పేరు తెచ్చిందో మన తెలుగు మాస్టార్లకు నేను చెప్పనక్కరలేదు.

చదువుకున్నవాళ్లు సినిమాను చిన్నచూపు చూసే రోజుల్లో ఆయన సినిమా గురించి గట్టిగా ఆలోచించి రాశారు. ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేశాక, 1950 ప్రాంతంలో కినిమా అనే సినిమా పత్రిక నడిపారు. తెలుగువాళ్లు పాతాళభైరవి చూసి మురిసిపోయిన కాలం అది.

1952లో చందమామలో చేరారు. ఆ పత్రిక నాగిరెడ్డి, చక్రపాణి గార్లది. చక్రపాణి గారిదీ తెనాలి ప్రాంతమే. అప్పటినుంచి చనిపోయేదాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్లు, కుటుంబరావు గారు చందమామను తీర్చిదిద్దారు. సంపాదకుడిగా అచ్చయ్యేది చక్రపాణి గారి పేరు. కథలు ఎంచడం, తిరగరాయడం, భాష సాపు చేయడం కుటుంబరావు గారి పని. తోకచుక్క మొదలుకుని మనం నెలనెలా ఎదురుచూసిన సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా అప్పట్లో పత్రికలో కనిపించేది కాదు. మాంత్రికులు, రాక్షసులు, నిధులు, ఎగిరే జీవులు గుర్తుండిపోయాయి గానీ రాసినవాళ్లెవరో మనకు తెలియలేదు.

నన్ను చాలాకాలం ఒక ప్రశ్న వేధించింది. కుటుంబరావు గారు హేతువాది, మార్క్సిస్టు. సైన్సు మీద వ్యాసాలు రాసినవారు. 1970లో విరసం ఏర్పడినప్పుడు అందులో ముందున్నవారు. అలాంటి మనిషి పిల్లలకు దయ్యాల కథలు ఎలా అందించారు? పెద్దయ్యాక పాత చందమామలు మళ్లీ తిరగేస్తుంటే బేతాళ కథల దగ్గర నాకు తోచిన జవాబు దొరికింది. పాత బేతాళ కథలు ఇరవై అయిదే. చందమామ ఆ చట్రం ఉంచుకుని దశాబ్దాల తరబడి కొత్త కథలు అల్లింది. భుజాన శవం ఉంటుంది, శవంలో బేతాళుడుంటాడు. కానీ విక్రమార్కుడు చెప్పే జవాబులో మాయ ఉండదు. ఎవరు ఎందుకలా చేశారో తర్కంతో చెప్పాలి. బేతాళుడిని నమ్మమని కాదు, ఆలోచించమని ఆ కథ పిల్లవాడిని అడుగుతుంది. మా మాస్టారు నాచేత మూడుసార్లు రాయించిందీ అదే గదా అనిపించింది.

కుటుంబరావు గారు 1980 ఆగస్టు 17న కన్నుమూశారు. ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా మన బెజవాడ విశాలాంధ్రవారే వేశారు. ఆ సంపుటాలు కొనుక్కున్న రోజున మాస్టారి ఇంటికి వెళ్లి చూపించాలనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ ఆలస్యం చేశాను. వెళ్లేసరికి ఆయన లేరు. చెప్పవలసిన కృతజ్ఞత ఇలా ఈ సంచికలో చెప్పుకుంటున్నాను.

ఇప్పటి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాఠం జరుగుతుండగా ఏ పిల్లవాడి చేతిలోనైనా దయ్యాల కథో, ఎవరూ వినని సినిమానో ఉన్న ఫోను దొరికితే తీసుకోండి, తప్పులేదు. మర్నాడు మాత్రం తిరిగిచ్చి, ఎందుకు నచ్చిందో ఒక పేజీ రాయమనండి. మొదటిసారే ఒప్పుకోకండి.