పెద్దలు చేసిన పెళ్ళి, ఇద్దరూ నిలబెట్టుకున్న మాట: శారదామాత కథ

దాంపత్యంలో దైవం గురించి చేసిన వీడియోలో టైం సరిపోక శారదామాత గురించి రెండు ముక్కలే చెప్పాను. మిగతాది ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

అమ్మ 1853లో బెంగాల్‌లోని జయరాంబాటి అనే పల్లెలో పుట్టారు. 1859లో శ్రీరామకృష్ణులతో పెళ్ళయింది. అప్పటికి ఆమెకు నిండా ఆరేళ్ళు లేవు, ఆయనకు 23. ఆ కాలపు ఆచారం అది. ఈ రోజుల్లో అది తప్పు, నేరం కూడా. అందుకే ఈ కథలో నేను చూసేది 1859 పెళ్ళిని కాదు, 1872లో జరిగినదాన్ని.

ఆయన దక్షిణేశ్వరంలో కాళీమాత సాధనలో మునిగిపోయారు. ఊళ్ళో మాత్రం ఆయనకు పిచ్చి పట్టిందని చెప్పుకునేవారు. పుట్టింట్లో ఉన్న అమ్మ ఆ మాటలు వింటూ ఎన్నాళ్ళని ఊరుకుంటారు? నిజమేమిటో తన కళ్ళతోనే చూడాలనుకున్నారు. 18 ఏళ్ళ వయసులో తండ్రితో కలిసి కాలినడకన బయల్దేరారు. దారిలో తీవ్రంగా జ్వరం వచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు.

వెళ్ళి చూస్తే పిచ్చీ లేదు, ఏమీ లేదు. ఆయన ఆదరంగా చూసుకున్నారు, దగ్గరుండి వైద్యం చేయించారు. తర్వాత ఒకరోజు, తనను సంసారంలోకి లాగడానికి వచ్చావా అని సూటిగా అడిగారు. కాదు, మీ దారిలో మీకు సాయపడటానికే వచ్చానని అమ్మ చెప్పారు. నాకైతే అసలు పెళ్ళి ఆరోజే జరిగిందనిపిస్తుంది. మొదటిది పెద్దలు చేసింది. ఈసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఏ దారిలో నడవాలో తేల్చుకున్నారు. వాళ్ళది బ్రహ్మచర్య దాంపత్యం. అది అందరికీ చెప్పే దారి కాదు. కానీ అలా మనసు విప్పి మాట్లాడుకోవడం మాత్రం ప్రతి జంటకీ అవసరమే.

ఆ తర్వాత ఒక ఫలహారిణీ కాళీపూజ రాత్రి, ఆయన అమ్మను పీటమీద కూర్చోబెట్టి షోడశిగా, అంటే మనం కొలిచే త్రిపురసుందరిగా పూజించారు. తన సాధనల ఫలమంతా, జపమాలతో సహా, ఆమె పాదాల దగ్గర పెట్టేశారు.

ఇంత పూజ అందుకున్న అమ్మ ఉన్నది ఎక్కడో తెలుసా? నహబత్‌ఖానా కింద ఓ చిన్న గదిలో. అందులోనే వంట సామాను, పెట్టె, నిద్ర. వచ్చిన ఆడవాళ్ళు పడుకోవడానికీ అదే గది. తెల్లవారుజామున మూడింటికే లేచి చీకట్లో గంగాస్నానం, జపం. ఆయనది నలత కడుపు కాబట్టి ఆయనకు వేరే వంట.

ఆయన గౌరవం పూజతోనే ఆగిపోలేదు. ఒకసారి భోజనం తెచ్చింది అమ్మ అని గమనించక, అన్నగారి కూతురు లక్ష్మి అనుకుని, తలుపు వేసి వెళ్ళవే అన్న ధోరణిలో చనువుగా అనేశారు. ఆ ఒక్క పిలుపుకే రాత్రంతా బాధపడి, మర్నాడు వెళ్ళి అమ్మకు క్షమాపణ చెప్పుకున్నారు.

అమ్మ కూడా అన్నింటికీ తలూపే మనిషి కాదండి. ఒకావిడ చేతికి ఆయన భోజనం ఇచ్చి పంపారని ఆయన అభ్యంతరం చెబితే, అమ్మా అని అడిగినవాళ్ళను కాదనలేనని స్పష్టంగా చెప్పేశారు. ఆయన సరేనన్నారు. లక్ష్మీనారాయణ అనే మార్వాడీ భక్తుడు 10,000 రూపాయలు ఇవ్వబోతే ఆయన వద్దన్నారు. తర్వాత, నువ్వు తీసుకుంటావా అని అమ్మను అడిగారు. నేను తీసుకున్నా మీరు తీసుకున్నట్టే కదా అని అమ్మ కూడా వద్దన్నారు. ఆ రోజుల్లో అదెంత డబ్బో ఊహించండి! ఎదురు చెప్పాల్సిన చోట చెప్పారు, మాట కలపాల్సిన చోట కలిపారు.

1886 ఆగస్టు 16న శ్రీరామకృష్ణులు శరీరం వదిలారు. అమ్మకు అప్పుడు 32 ఏళ్ళు. చేతి గాజులు తీయబోతుంటే ఆయన దర్శనమిచ్చి, తానెక్కడికీ పోలేదని ఆపారట. తర్వాత కామార్పుకూర్‌లో ఒంటరిగా ఉన్నారు. గుడినుంచి వచ్చే నెలకు ఏడు రూపాయలూ ఆగిపోయాయి. తనే నేల తవ్వి ఆకుకూర పెంచుకున్నారు. అన్నంలోకి ఉప్పు కూడా లేని రోజులున్నాయి. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. విషయం తెలిశాక శిష్యులే కలకత్తా తీసుకెళ్ళారు.

1920లో దేహం చాలించేవరకు, 34 ఏళ్ళపాటు, ఆయన పనినే తన పనిగా చేశారు. వచ్చినవాళ్ళకు మంత్రోపదేశం ఇచ్చారు, అన్నం పెట్టారు. 1911లో దక్షిణాది యాత్ర చేసి తిరిగి వెళ్తూ మన రాజమండ్రిలో ఆగి గోదావరి స్నానం కూడా చేశారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అవమానాన్నీ, దెబ్బల్నీ సహించడం నిబద్ధత కాదు. అమ్మ జీవితం చూపి ఎవరైనా సర్దుకుపొమ్మంటే, చిన్న పిలుపు తప్పుకే రాత్రంతా బాధపడిన భర్త కథ కూడా వాళ్ళకు చెప్పండి. ఇద్దరూ ఒకే దైవం వైపు నడుస్తుంటేనే ఒకరికోసం ఒకరు తగ్గడం అందంగా ఉంటుంది.

పెళ్ళైనవాళ్ళు, కాబోయేవాళ్ళు ఈ శుక్రవారం దీపం పెట్టాక ఓ పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. నీ దారిలో నేనేం సాయం చెయ్యగలను అని ఒకరినొకరు అడగండి. జవాబు పూర్తిగా వినండి.

అమ్మ దయ మీ ఇంట ఉండాలి. జై మా!