కన్నీటితో ఆగని కనికరం

యెరూషలేము గోడలు కూలిపోయాయన్న కబురు విని నెహెమ్యా ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. అంతటితో ఆగలేదు. రాజుకు మనవి చేసి సెలవు పొందాడు. రాత్రివేళ వెళ్లి గోడలు ఎక్కడెక్కడ పడిపోయాయో కళ్లారా చూశాడు. ఆ తర్వాతే పెద్దలతో మాట్లాడాడు. ప్రార్థన, పరిశీలన, విజ్ఞాపన ఈ మూడూ ఆయన సేవలో ఒక్కటిగా ఉన్నాయి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితాన్ని తలచుకున్నప్పుడల్లా మాకు నెహెమ్యా గుర్తుకొస్తాడు. ఆమె మన విశ్వాసానికి చెందినవారు కాదు. అయినా పిల్లల విషయమై భారం కలిగిన ప్రతి సంఘమూ ఆమె నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనన్నారు. తండ్రీ, సోదరుడూ ఆమెకు అండగా నిలిచారు. చిన్నవయసులోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, అక్కడ చదువులేని స్త్రీ ఖైదీల దుస్థితిని దగ్గరగా చూశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. 1942లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. హైదరాబాదు విద్యానగర్‌లో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రి ఆ సభదే.

రాజ్యాంగ సభలో సభ్యురాలైన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆడపిల్లల చదువు ఎందుకు వెనుకబడిందో తేల్చడానికి 1958లో కేంద్ర ప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షత వహించారు. వివరాలు సేకరించి 1959లో నివేదిక ఇచ్చారు. బాలికా విద్యను ప్రత్యేక సమస్యగా చూడాలనీ, దానికి వేరుగా నిధులివ్వాలనీ, పల్లెబడులకు ఉపాధ్యాయినులు కావాలనీ అందులో కోరారు. ఫలితంగా అదే ఏడాది జాతీయ మహిళా విద్యా మండలి ఏర్పడింది. సమాజ స్థితిగతులపై పరిశోధన కోసం 1962లో ఢిల్లీలో సామాజిక అభివృద్ధి మండలిని స్థాపించారు.

నెహెమ్యా గోడ 52 దినాల్లో పూర్తయింది. దుర్గాబాయికి ఆ భాగ్యం అన్నిట్లోనూ దక్కలేదు. కుటుంబ న్యాయస్థానాలు కావాలని ఆమె ఏళ్లతరబడి అడిగారు. 1981లో కన్నుమూశారు. చట్టం 1984లో వచ్చింది. విత్తినవారే కోయాలన్న నియమం లేదు కదా!

ప్రియులారా, మొగుడంపల్లి చుట్టుపక్కల మన సంఘాల మాటేమిటి? ఆదివారం బడికి రాని పిల్ల అసలు బడికే వెళ్లడం లేదేమో ఎప్పుడైనా విచారించామా? పెళ్లి ప్రకటన చదివేముందు పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాయో లేదో కాగితం చూసి నిర్ధారించుకుంటున్నామా? ఈ ప్రశ్న ముందుగా కాపరులమైన మాకే. ఇంటి పెద్దలు నొచ్చుకుంటారని మేము మౌనంగా ఉంటే, ఆ మౌనానికి దేవుడు మమ్మల్నే లెక్క అడుగుతాడు. బడి మానిన పిల్లల పేర్లు రాసుకుందాం, వారికోసం ప్రార్థిద్దాం. ఆ జాబితా పట్టుకుని ప్రధానోపాధ్యాయుని దగ్గరకు, పంచాయతీకి వెళదాం. ఆపద ఉందనిపిస్తే 1098కి ఫోన్ చేద్దాం. కూలిన గోడను చూడనివాడు దాన్ని కట్టలేడు!